పిడుదుల టీకాలు: ఏవి పనిచేశాయి, ఏవి ఇంకా ప్రయోగశాల దాటలేదు

పశువులకు పిడుదులు, కొందరి మాటలో గోమార్లు, పట్టినప్పుడు ఒంటిమీద చల్లే మందుకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఇవాళ చల్లితే రేపటికి అవి రాలి పడతాయి, చల్లినవారు తమ కళ్లతో చూస్తారు, పెట్టిన ఖర్చు వృథా కాలేదన్న నమ్మకం కుదురుతుంది. పిడుదుల మీద పనిచేసే టీకాకు ఈ సౌకర్యం లేదు. సూది వేసిన తరవాత కూడా ఆవు గంగడోలు కింద, పొదుగు చుట్టూ, తోక మొదట్లో అవి కనిపిస్తూనే ఉంటాయి, అందుకే చాలామంది దీన్ని పనికిరాని సరుకుగా పక్కన పెట్టారు. పశువులకూ మనుషులకూ వచ్చిన ఈ టీకాలను, అంటే వాడకంలో నిలిచినవాటిని, వచ్చి వెనక్కి పోయినవాటిని, ఇంకా పరీక్షల్లో ఉన్నవాటిని, కలిపి చూసిన మీదట నాకు తోచినది ఇది: వీటిలో మంచివాటిని మనం పిచికారీ మందు కొలతతో కొలిచి తక్కువ చేశాం. టీకా ఫలితాన్ని ఈ పిడుదులో వెతకకూడదు, దీని తరవాతి తరంలో వెతకాలి.

మొదట చెప్పవలసినది బీఎం86 అనే ప్రోటీనుతో చేసిన టీకా గురించి. పశువులను పట్టే రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే పిడుదు పేగు గోడ కణాల మీద ఉండే ఈ ప్రోటీనును ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించి, 1989లో వివరాలు ప్రచురించారు. దాన్ని జన్యు సాంకేతికతతో సూక్ష్మజీవుల చేత తయారు చేయించి, 1990ల మొదటి సగంలో రెండు టీకాలు మార్కెట్లోకి తెచ్చారు: ఆస్ట్రేలియాలో బ్యాక్టీరియా ద్వారా చేసిన టిక్‌గార్డ్, క్యూబాలో ఈస్టు ద్వారా చేసిన గావాక్. ఇవి పనిచేసే తీరు చాలా తెలివైనది. టీకా వేసిన ఆవు రక్తంలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. పిడుదు రక్తం తాగినప్పుడు అవి కూడా దాని కడుపులోకి వెళ్లి, పేగు గోడను పట్టుకుని కణాలను ఛిద్రం చేస్తాయి. తాగిన రక్తం పేగు దాటి శరీరంలోకి కారిపోవడంతో కొన్ని పిడుదులు ఎర్రబారి చస్తాయి. బతికిన ఆడ పిడుదులు బరువు తగ్గి, తక్కువ గుడ్లు పెడతాయి, ఆ గుడ్లలోనూ పిల్లలయ్యేవి తక్కువగా ఉంటాయి. ఒక్క ఆడ పిడుదు రెండు, మూడు వేల గుడ్లు పెట్టగలదని గుర్తు పెట్టుకుంటే, ఈ చివరి మాట విలువ తెలుస్తుంది.

గావాక్ గురించి నేను గట్టిగా మెచ్చుకోవడానికి కారణం దాని వెనక ఉన్న పొలం స్థాయి అనుభవం. క్యూబాలో 1995 నుంచి 2003 వరకు, సుమారు 5,88,000 పాడి పశువులలో టీకాను మందుల వాడకంతో జతపరచి నడిపిన కార్యక్రమంలో, పిడుదుల మందు వేయవలసిన సందర్భాలు 87 శాతం తగ్గాయి. పిడుదుల వల్ల సోకే బెబీసియోసిస్ అనే రక్తపు జబ్బు అంతకుముందు వెయ్యి పశువులకు 54 చొప్పున కనిపించేది, ఆరేళ్ల తరవాత 1.9కి దిగింది. దేశం మొత్తం మీద పిడుదుల మందు వినియోగం 82 శాతం తగ్గింది. ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసింది, ఈ ఘనత టీకా ఒక్కదానిది కాదు. టీకా వేసి, పిడుదుల లెక్క చూసుకుంటూ, అవి ఒక హద్దు దాటినప్పుడు మాత్రమే మందు వాడే క్రమశిక్షణను ఒక దేశం ఏళ్ల తరబడి పాటించింది. అయినా మందు చల్లిన ప్రతిసారీ పాలలో అవశేషాల భయం, గడువు ముగిసే వరకు పాలు పారబోయవలసిన నష్టం, మందుకు లొంగని పిడుదులు పుట్టుకురావడం అనే మూడు బాధలు వెంట ఉంటాయి కనుక, పదిసార్లు చల్లేచోట ఒకటి రెండుసార్లతో సరిపెట్టుకోగలగడం చిన్న మేలు కాదు. ఆర్గానోఫాస్ఫేట్ల నుంచి పైరిథ్రాయిడ్లు, అమిట్రాజ్, ఐవర్‌మెక్టిన్ దాకా ఈ పిడుదు తట్టుకోవడం నేర్చుకోని మందు దాదాపుగా మిగలలేదు.

అదే ప్రోటీను, అదే సూత్రం ఉన్న టిక్‌గార్డ్ మాత్రం తన పుట్టినింట నిలదొక్కుకోలేక మార్కెట్ నుంచి తప్పుకొంది. దానిలో నాకు కనిపించే పాఠం విజ్ఞానానికి సంబంధించినది కాదు, వాడకానికి సంబంధించినది. బీఎం86 పిడుదు కడుపు లోపల దాగి ఉండే ప్రోటీను కావడంతో, కాటు వేసినప్పుడు అది ఆవు శరీరానికి ఎదురుపడదు. కాబట్టి రోజూ పిడుదులు కుడుతున్నా ఆవులో రక్షణ దానంతట అది పుంజుకోదు, కొన్ని నెలలకొకసారి బూస్టర్ సూది వేయవలసిందే. గావాక్‌కు మొదట 0, 4, 7 వారాలలో మూడు డోసులు, ఆపైన ఆరు నెలలకొకసారి బూస్టర్ అని పద్ధతి. రోజూ పాలు పితికే చోట పశువులు ఎలాగూ చేతికి అందుతాయి. విశాలమైన మేతభూముల్లో మాంసం కోసం వదిలిన మందలను ఏడాదికి అన్నిసార్లు తోలి, ఒకచోట చేర్చి, సూది వేయడం ఎవరికైనా భారమే. దానికి తోడు సూది వేసిన మరునాడు పిడుదులు రాలవు. చల్లిన వెంటనే ఫలితం చూపే మందులు పక్కనే దొరుకుతుండగా, తరం తరవాత తరంలో ఫలితం చూపే సరుకును కొనమని చెప్పడం కష్టం.

ఇంకొక లోపాన్ని దాచకూడదు. ఈ టీకా బలం పిడుదు జాతిని బట్టి, ఒకే జాతిలో ప్రాంతాన్ని బట్టి మారుతుంది. రైపిసెఫాలస్ అన్యులేటస్ అనే దగ్గరి జాతి మీద ఇది దాదాపు పూర్తిగా పనిచేస్తుంది. మైక్రోప్లస్ మీద ఒకచోట బాగా, మరోచోట అంతంతమాత్రంగా పనిచేస్తుంది. అర్జెంటీనాలో ఒక రకం పిడుదు దీనికి లొంగకపోతే, దాని నుంచే బీఎం95 అనే ప్రోటీనును తీసి వాడవలసి వచ్చింది. పైగా మైక్రోప్లస్ తన జీవితమంతా ఒకే పశువు మీద గడుపుతుంది కనుక ఆవుకు టీకా వేస్తే దాని దారి మూసుకుపోతుంది. పెరిగే క్రమంలో జంతువును మార్చే హయలోమా, ఇక్సోడెస్ వంటివాటిలో పిల్లలు అడవి ఎలుకలనో పక్షులనో పట్టి పెరుగుతాయి. ఆవుకు వేసిన టీకా వాటి బాల్యాన్ని తాకనే తాకదు. అందుకే అనేక జాతుల పిడుదులలో ఒకే తీరుగా ఉండే సబోలెసిన్ అనే ప్రోటీను మీద 2003 నుంచి జరుగుతున్న పరిశోధన నాకు ఎక్కువ ఆశ కలిగిస్తుంది. అయితే అది ఇంకా అంగట్లో అడిగి తెచ్చుకోగల సరుకు కాలేదు.

పిడుదును వదిలిపెట్టి, అది మోసుకొచ్చే క్రిమి మీదనే గురిపెట్టే టీకాలు పశువులకు చాలాకాలంగా ఉన్నాయి. తూర్పు ఆఫ్రికాలో థైలీరియా పర్వా అనే క్రిమి వల్ల వచ్చే ఈస్ట్ కోస్ట్ ఫీవర్‌కు బతికున్న క్రిములను ఎక్కించి, అదే సమయంలో ఎక్కువకాలం పనిచేసే టెట్రాసైక్లిన్ ఇచ్చే పద్ధతి ఉంది. ఫలితం బలమైనది, కానీ టీకాను ద్రవ నైట్రోజన్‌లో నిల్వచేయాలి, పశువైద్యుడు పక్కన ఉండాలి. రక్తకణాలను పట్టే క్రిములైన బెబీసియాకు బలహీనపరచిన, అనాప్లాస్మాకు తక్కువ హాని చేసే దగ్గరి జాతితో చేసిన సజీవ టీకాలు ఆస్ట్రేలియా వంటి చోట్ల దశాబ్దాలుగా వాడుతున్నారు. వీటిని పాతకాలపు సరుకని తీసిపారేయలేం. ఎందుకంటే పిడుదులు ఎప్పుడూ ఉండే ప్రాంతంలో దూడలు చిన్న వయసులోనే కొద్దిగా సోకి, పెద్దగా జబ్బుపడకుండా రక్షణ తెచ్చుకుంటాయి. పిడుదులను బాగా తగ్గించేసి ఈ సజీవ టీకా వేయకపోతే, రక్షణ లేకుండా పెరిగిన మంద ఒక చెడ్డ సంవత్సరంలో ఒక్కసారిగా జబ్బుపడే ప్రమాదం ఉంది. పిడుదుల టీకా అమ్మేవారు ఈ మాట చెప్పరు, కొనేవారు అడగాలి.

మనుషుల వైపు వస్తే, పిడుదుల ద్వారా సోకే మెదడువాపు వ్యాధికి యూరప్‌లో వాడుతున్న టీకాకు నేను సందేహం లేకుండా మొదటి స్థానం ఇస్తాను. ఇందులో కొత్త సాంకేతికత ఏమీ లేదు. వైరస్‌ను పెంచి, నిర్జీవం చేసి, మూడు డోసులుగా ఇచ్చి, కొన్నేళ్లకొకసారి బూస్టర్ వేస్తారు. ఆస్ట్రియాలో 1981 నుంచి విస్తృతంగా వేస్తున్నారు, జనాభాలో 80 శాతానికి పైగా వేయించుకున్నారు, క్రమం తప్పకుండా డోసులు తీసుకున్నవారిలో రక్షణ 95 శాతం పైనే ఉందని తేలింది. అమెరికాలో దీనికి 2021 ఆగస్టులో అనుమతి లభించింది. దీనిది ఒకే పరిమితి: ఒక్క వైరస్ నుంచే కాపాడుతుంది. టీకా వేయించుకున్నామన్న ధీమాతో అడవిలో తిరిగితే అదే పిడుదు లైమ్ వ్యాధి అనే బ్యాక్టీరియా జబ్బును అంటించవచ్చు.

లైమ్ వ్యాధి టీకా కథ మాత్రం బాధ కలిగిస్తుంది. లైమ్‌రిక్స్ అనే టీకాకు 1998 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. దాదాపు 11,000 మందిపై జరిగిన పరీక్షలో రెండు డోసుల తరవాత 49 శాతం, మూడు డోసుల తరవాత 76 శాతం రక్షణ కనిపించింది. వ్యాధి కలిగించే బొరీలియా అనే బ్యాక్టీరియా పిడుదు కడుపులో ఉన్నప్పుడు ఓఎస్‌పీఏ అనే ప్రోటీనును పైన కప్పుకుని ఉంటుంది. పిడుదు మన రక్తంతో పాటు దానికి వ్యతిరేకమైన ప్రతిరక్షకాలను తాగితే, బ్యాక్టీరియా ఇంకా దాని కడుపులో ఉండగానే చస్తుంది. కరిచిన తరవాత మనిషిలోకి చేరడానికి సాధారణంగా ఒకటిన్నర రోజు పడుతుంది కనుక ఇందుకు వ్యవధి ఉంటుంది. అంటే ఈ టీకా మన ఒంట్లో కాదు, పిడుదు ఒంట్లో వైద్యం చేస్తుంది. ఇంత చక్కటి ఊహ ఆచరణలోకి వచ్చిన తరవాత, ఓఎస్‌పీఏలోని ఒక చిన్న భాగం మనిషి శరీరంలోని ఒక ప్రోటీనును పోలి ఉందని, అందువల్ల కీళ్లవాపు రావచ్చని ఒక అనుమానం పుట్టింది. 14 లక్షల డోసులు పంపిణీ అయిన మీదట జరిగిన పరిశీలనలో టీకా వేయించుకున్నవారిలో కీళ్లవాపు మామూలు కంటే ఎక్కువగా కనబడలేదు. అయినా దావాలు పడ్డాయి, సిఫారసులు గోడమీది పిల్లిలా ఉండిపోయాయి, అమ్మకాలు పడిపోయాయి, 2002 ఫిబ్రవరిలో తయారీదారులే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తరవాత అన్నేళ్లూ కుక్కలకు లైమ్ టీకా దొరుకుతూనే ఉంది, వాటిని పెంచే మనుషులకు దొరకలేదు. అమెరికాలో ఏటా దాదాపు 4,76,000 మంది ఈ వ్యాధికి చికిత్స పొందుతున్నారని ప్రభుత్వ అంచనా ఉండగా, ఇది నాకు మింగుడుపడని సంగతి.

దీని వారసుడు వీఎల్ఏ-15 అనే టీకా. పాత టీకాలో ఒకే రకం ఓఎస్‌పీఏ ఉండేది. ఇందులో ఉత్తర అమెరికా, యూరప్‌లలో కనిపించే ఆరు రకాలను చేర్చారు, అనుమానం పుట్టించిన ఆ చిన్న భాగాన్ని మార్చివేశారు. 2022 ఆగస్టులో మూడో దశ పరీక్ష మొదలుపెట్టారు. మొదట మూడు డోసులు, ఆ తరవాత ఏడాదికి బూస్టర్ అన్న క్రమం నాకు కొంత చింత కలిగిస్తుంది. నాలుగుసార్లు వచ్చి చేయి చాపే ఓపిక అందరికీ ఉండదు. మూడోది మానేసినవారికి రక్షణ ఎంత తగ్గుతుందో లైమ్‌రిక్స్ లెక్కలే చెప్పాయి.

డోసులు పూర్తికాకపోతే ఏమవుతుందో కోతి జ్వరం టీకా మరింత స్పష్టంగా చూపించింది. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో బయటపడ్డ, పిడుదుల ద్వారా సోకే ఈ క్యాసనూరు అటవీ వ్యాధికి 1990 నుంచి నిర్జీవ టీకా వాడారు. నెల తేడాతో రెండు డోసులు, కొన్ని నెలలకు బూస్టర్, ఆపైన ఏటేటా మరికొన్ని బూస్టర్లు వేయాలి. 2005 నుంచి 2010 వరకు జరిగిన పరిశీలనలో రెండు డోసులకు 62.4 శాతం, బూస్టర్‌తో కలిపితే 82.9 శాతం రక్షణ ఉందని, అయితే అసలు వేయించుకున్నవారే తక్కువని తేలింది. 2022లో దాని వాడకం నిలిచిపోయింది. అడవి అంచున కట్టెలకూ ఆకులకూ వెళ్లే మనుషులకు అన్నిసార్లు సూది వేయవలసిన టీకా సరిపోదు. కొత్తగా వచ్చేది తక్కువ డోసులతో, ఎక్కువకాలం నిలిచేదిగా ఉంటేనే అక్కడ నిలబడుతుంది.

ఇక అందరూ అడిగేది, ప్రోటీనును కాక దాన్ని తయారుచేసే సమాచారాన్ని ఒంటికి అందించే ఎంఆర్‌ఎన్ఏ టీకా గురించి. 2021 నవంబరులో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ఫలితాలు నన్ను నిజంగా ఉత్సాహపరిచాయి. ఇందులో ఏ క్రిమి భాగమూ లేదు. ఇక్సోడెస్ స్కాపులారిస్ అనే పిడుదు లాలాజలంలోని 19 ప్రోటీనుల సమాచారాన్ని ఎంఆర్‌ఎన్ఏగా కొవ్వు నలుసుల్లో పొదిగి గినీ పందులకు ఇచ్చారు. పిడుదు కరిచినప్పుడు మనకు తెలియకపోవడానికి కారణం ఆ లాలాజలమే. అది నొప్పిని, దురదను, రక్తం గడ్డకట్టడాన్ని, శరీరపు ఎదురుదాడిని అణచివేస్తుంది. టీకా పొందిన జంతువుల్లో కాటు వేసిన కొద్దిసేపటికే అక్కడ చర్మం ఎర్రబారింది, పిడుదులు కడుపునిండా తాగలేక ముందే వదిలి పడిపోయాయి. ఎరుపు కనిపించగానే పిడుదులను తీసివేసినప్పుడు టీకా పొందిన ఏ జంతువుకూ లైమ్ సోకలేదు, టీకా లేనివాటిలో దాదాపు సగానికి సోకింది. పదేపదే పిడుదులు కరిచిన గినీ పందులకు సహజంగానే ఈ ప్రతిఘటన వస్తుందని 1939లో విలియం ట్రాగర్ చూపించాడు. ఆ పాత పరిశీలన ఇన్నేళ్లకు సూదిలోకి ఎక్కడం చూస్తే ముచ్చటేస్తుంది.

అయితే ఉత్సాహానికి హద్దు ఉండాలి. గినీ పందిలో వచ్చే ప్రతిఘటన ఎలుకలో రాదు. మనిషి ఎవరి వైపో మనుషులపై పరీక్షలే తేల్చాలి. పిడుదు లాలాజలంలో వందల ప్రోటీనులు ఉంటాయి, ఒకదాని పని ఆగితే మరొకటి అందుకుంటుంది. ఒక్క సూదిలో 19 ప్రోటీనులను ఇమడ్చగలగడం ఎంఆర్‌ఎన్ఏకు ఉన్న అసలైన బలం, పాత పద్ధతిలో ఒక్కొక్కదాన్ని విడివిడిగా తయారుచేసి శుద్ధి చేయవలసి వచ్చేది. దీనికి ఎదురుగా, గట్టి శీతల నిల్వ కావాలి, ఖరీదు తగ్గాలి. ఈ రెండూ తీరనంత వరకు పశువుల మందలకు దీన్ని ఊహించడం తొందరపాటు. ఇంకొకటి, లైమ్‌లాగా నెమ్మదిగా సోకే జబ్బుకు ఈ ఉపాయం సరిపోతుంది. కానీ పిడుదులే మోసే పొవాసాన్ అనే వైరస్, పిడుదు అంటుకున్న 15 నిమిషాల్లోనే ఒంట్లోకి చేరగలదని జంతువుల మీద పరీక్షల్లో తేలింది. చర్మం ఎర్రబారే లోపే పని అయిపోయే చోట క్రిమికి విడిగా టీకా ఉండవలసిందే.

మరో దారి ఎలుకలకు టీకా వేయడం. లైమ్ బ్యాక్టీరియాను దాచి ఉంచే తెల్లపాదాల ఎలుకలకు ఓఎస్‌పీఏ కలిపిన ఎరను తినిపిస్తూ న్యూయార్క్ రాష్ట్రంలో ఐదేళ్లు జరిపిన పరీక్షలో, బ్యాక్టీరియా ఉన్న పిల్ల పిడుదుల నిష్పత్తి రెండేళ్లకు 23 శాతం, ఐదేళ్లకు 76 శాతం తగ్గింది. ఈ రెండు అంకెల మధ్య దూరమే నేను మొదట చెప్పిన కొలత. రెండో ఏట ఆపేసి ఉంటే దీన్నీ పనికిరానిదని రాసి ఉండేవారు.

క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం విషయంలో మాత్రం సాంకేతికత కంటే పెద్ద చిక్కు ఒకటి ఉంది. హయలోమా పిడుదుల ద్వారా సోకే ఈ వైరస్ పశువులను జబ్బుపరచదు, వాటి రక్తంలో కొద్దిరోజులు ఉండి పోతుంది. కాపరులకూ కసాయివారికీ సోకితే మాత్రం 10 నుంచి 40 శాతం మరణాలు ఉండవచ్చు. పశువుకు టీకా వేస్తే మనిషి బతుకుతాడు, కానీ పశువు యజమానికి పాలలోనో మాంసంలోనో ఒక్క రూపాయి లాభం కనిపించదు. అతను తన ఖర్చుతో వేయించాలని ఎదురుచూడటం న్యాయం కాదు. ఇలాంటి టీకా ఎప్పుడు వచ్చినా ప్రజారోగ్య నిధులతో ఉచితంగా వేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఈనాటికి ఎవరికి ఏది తగునో చెప్పాలంటే: మైక్రోప్లస్ పిడుదు బెడద ఉండి, పశువులు తరచుగా చేతికి అందే పాడి మందలకు బీఎం86 టీకా దొరికితే వేయించడం మంచిదే, కాని పశువైద్యుని సలహాతో, లెక్క రాసుకుంటూ, కనీసం రెండు మూడు పిడుదుల తరాలు గడిచే దాకా తీర్పు చెప్పకుండా వేయించాలి. మెదడువాపు పిడుదులున్న ప్రాంతాలకు వెళ్లేవారు ఆ టీకాను డోసులన్నీ పూర్తిచేసి వేయించుకోవాలి. మిగిలినవి వచ్చే దాకా ఉన్న రక్షణ ఒళ్లు వెతుక్కోవడమే. పొదల్లోకి వెళ్లి వచ్చిన రోజు మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక, నడుము చుట్టూ చూసుకోవాలి. పిడుదు కనిపిస్తే నూనె పోయడం, కాల్చడం, నలపడం చేయకుండా, సన్నటి మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా పైకి లాగాలి. తీసిన తేదీని, కరిచిన చోటును రాసి పెట్టుకుంటే, ఆ తరవాతి వారాల్లో జ్వరమో విస్తరించే ఎర్రమచ్చో వచ్చినప్పుడు వైద్యునికి అది ఉపయోగపడుతుంది.